జర్మనీలో కొత్త కాపురం: ఇల్లాలికి భాష ఎందుకు?

సికింద్రాబాదు వలస వచ్చినవారితో పెరిగిన ఊరు. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట సైనిక స్థావరంగా వెలసిన నాటి నుండి తమిళులు, పార్సీలు, మార్వాడీలు, ఆంగ్లో ఇండియన్లు ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట తమ భాషను నిలుపుకున్నారు, బజారులో ఈ ఊరి భాషలు నేర్చుకున్నారు. నేడు ఇదే ఊరి నుండి యువ కుటుంబాలు జర్మనీకి తరలుతున్నాయి. నిపుణులైన విదేశీయుల కోసం ఆ దేశం 2012లో బ్లూ కార్డు విధానాన్ని ప్రవేశపెట్టింది. 2022 డిసెంబరులో భారత్, జర్మనీల మధ్య వలసలకు సంబంధించిన ఒప్పందం కూడా కుదిరింది. వెళ్ళేవారిలో మన ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి.

ప్రయాణానికి ముందు పెద్దలు అడిగే ప్రశ్నలు సహజమైనవే. హలాల్ మాంసం దొరుకుతుందా? మసీదు దగ్గరలో ఉందా? రంజాన్ ఉపవాసాలు ఎలా? వీటికి సమాధానాలు కష్టమైనవి కావు. తుర్కీ వారి దుకాణాలు, మసీదులు లేని పెద్ద నగరం అక్కడ లేదు. మిఠాయిలలో జెలటిన్ ఉన్నదేమో పొట్లంపై చదివి చూసుకుంటే చాలు. బెర్లిన్‌లో జూన్ నెల పగలు దాదాపు 17 గంటలు, డిసెంబరులో 8 గంటలకు లోపే. రంజాన్ ఏ ఋతువులో వస్తే ఉపవాసం దానినిబట్టి పెరుగుతుంది, తరుగుతుంది.

దైనందిన జీవితపు నియమాలూ కొద్ది నెలలలో అలవాటవుతాయి. ఇల్లు మారిన రెండు వారాలలో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి గనుక శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. రాత్రి పది దాటితే చప్పుడు చేయరాదు. కాగితం, వంటింటి వ్యర్థాలు, ప్లాస్టిక్ వేర్వేరు తొట్లలో వేయాలి. నీళ్ళ సీసాకు అదనంగా చెల్లించిన 25 సెంట్లు ఖాళీ సీసాను దుకాణంలో తిరిగి ఇచ్చినప్పుడు చేతికొస్తాయి. పొరుగువారి హక్కును చిన్ననాటి నుండి విన్న మనకు ఈ నియమాలలో ఎక్కువ భాగం కొత్తగా తోచవు. మనం ఉపదేశంగా విన్నది అక్కడ పట్టణ నిబంధనగా కనిపిస్తుంది.

అయితే పెద్దలు అడగడం మరచే ప్రశ్న ఒకటున్నది. బిడ్డ చదువు గురించి ఆ ఇంటి తల్లి ఉపాధ్యాయురాలితో మాట్లాడగలదా?

భర్త వద్దకు వెళ్ళే భార్యకు సాధారణంగా ప్రాథమిక జర్మన్ వచ్చి ఉండాలన్నది ఆ దేశపు నియమం. బ్లూ కార్డు కలవారి జీవిత భాగస్వాములకు మాత్రం ఈ షరతు లేదు. మన ఇంజినీరు గారి శ్రీమతి ఒక్క జర్మన్ మాట రాకుండానే విమానం ఎక్కవచ్చు. చూడడానికిది సదుపాయమే, కాని చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. భర్తకు కార్యాలయంలో ఆంగ్లంతో పని జరిగిపోతుంది. ఆసుపత్రి, పాఠశాల, నగర కార్యాలయం, పొరుగింటి వృద్ధురాలు మాత్రం జర్మన్‌లోనే మాట్లాడతారు. సికింద్రాబాదులో అత్తగారు, ఆడపడుచులు, వీధి బజారు మధ్య మెలగిన యువతి అక్కడ మూసిన కిటికీ వెనుక చలికాలమంతా గడుపుతుంది. ఆమెకు ఉద్యోగం చేసే హక్కు మొదటి రోజు నుండే ఉన్నా, భాష లేనిదే ఆ హక్కు చాలావరకు కాగితంపైనే ఉండిపోతుంది.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవారు తుర్కీ కార్మికులు. 1961 అక్టోబరు 30న కుదిరిన ఒప్పందంతో వారు జర్మనీ కర్మాగారాలకు వచ్చారు. వారిని ‘అతిథి కార్మికులు’ అన్నారు. కొన్నేళ్ళు సంపాదించి తిరిగి వెళ్తారని ఇటు ప్రభుత్వం, అటు వారూ అనుకున్నారు. తిరిగి వెళ్ళేవారికి భాష ఎందుకని ఎవరూ నేర్పలేదు, వీరూ పెద్దగా నేర్వలేదు. 1973లో కొత్త నియామకాలు ఆగిపోయాక చాలామంది తమ కుటుంబాలను అక్కడికే రప్పించుకున్నారు. ఆసుపత్రిలో తల్లి వ్యాధిని వైద్యునికి పదేళ్ళ కూతురు వివరించవలసి వచ్చింది. తల్లిదండ్రులు అడిగి, పిల్లలు చెప్పే ఇళ్ళలో పెద్దరికం మెల్లగా చేతులు మారుతుంది. దారి చూపవలసిన తల్లి బిడ్డ వెంట నడవవలసి వస్తుంది.

ఈ లోటు పాఠశాలలో మరింత బరువవుతుంది. జర్మనీలో పిల్లలు బడికి వెళ్ళడం తప్పనిసరి, ఇంటి వద్దనే చదివించడానికి అనుమతి లేదు. ఆరేళ్ళ బిడ్డ మొదటి రోజున మిఠాయిలు, పెన్సిళ్ళు నింపిన పెద్ద కాగితపు గొట్టం పట్టుకుని సంబరంగా బడికి వెళ్తాడు. మన ఇళ్ళలో జరిపే బిస్మిల్లా వేడుక గుర్తుకొస్తుంది. ఆ తరువాత నాలుగేళ్ళు ఇట్టే గడుస్తాయి. చాలా రాష్ట్రాలలో నాలుగవ తరగతి ముగియగానే, అంటే సుమారు పదేళ్ళ వయసులోనే, పిల్లలు వేర్వేరు తరహా పాఠశాలలకు విడిపోతారు. విశ్వవిద్యాలయానికి నేరుగా తీసుకువెళ్ళేది ‘గిమ్నాజియుమ్’. తక్కినవి ఎక్కువగా వృత్తివిద్య వైపు నడిపిస్తాయి. తరువాత మారే వీలున్నా అది సులువు కాదు. ఈ నిర్ణయంలో ఉపాధ్యాయుల సిఫారసుకు ఎంతో విలువ ఉంటుంది. తల్లిదండ్రుల సమావేశంలో మౌనంగా కూర్చున్న తల్లి తన బిడ్డ తరఫున ఏమి అడగగలదు?

కనుక వీసా కోసం ఎదురుచూసే నెలలనే చదువుకు వాడుకోవాలి. హైదరాబాదులోని గోథే కేంద్రంలో జర్మన్ నేర్పుతారు. అక్కడికి వెళ్ళాక ప్రభుత్వం నడిపించే సమైక్య శిక్షణలో 600 పాఠాలు భాషకు, 100 పాఠాలు ఆ దేశపు చట్టాలకు, చరిత్రకు కేటాయించారు. ఆ తరగతికి ఇల్లాలు వెళ్ళే సమయంలో పసిబిడ్డను చూసుకోవడం భర్త బాధ్యత. దానిని ఆమెకు చేసిన ఉపకారంగా ఎంచరాదు. ఇంటికి తేవలసిన సరుకుల వలెనే అదీ కుటుంబ అవసరం.

పరభాష వస్తే మన భాష పోతుందన్న భయం అక్కరలేదు. ఇంట్లో తెలుగు, ఉర్దూ నిలవాలంటే వాటినీ పట్టుదలతో మాట్లాడాలి. వారానికొకసారి నానీతో, దాదీతో ఫోనులో సాగే కబుర్లు, నిద్రకు ముందు చెప్పే ప్రవక్తల గాథలు ఆ పని చేస్తాయి. బడిలో జర్మన్ నేర్చిన బిడ్డకు ఇంట్లో తల్లి తప్పులతో కూడిన జర్మన్ కంటే ఆమె స్వచ్ఛమైన మాతృభాషే మేలు. తల్లి నేర్చుకునే జర్మన్ గడప బయటి పనుల కోసం.

హైదరాబాదులో 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ బెర్లిన్‌లో చదివి 1926లో డాక్టరేటు పొందారు. అక్కడ పరిచయమైన గెర్దా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు వనిత 1930లలో ఢిల్లీకి వచ్చి జామియా మిల్లియాలో పసిపిల్లల విద్యకు తనను అర్పించుకున్నారు. అక్కడి పిల్లలకు ఆమె ‘ఆపాజాన్’. 1943లో మరణించి జామియా శ్మశానవాటికలోనే విశ్రమించారు. పుట్టిన మతాన్నిబట్టి గాక, తమ మధ్య మెలగిన తీరునుబట్టి ఆ ముస్లిం విద్యాలయం వారు ఆమెను అక్కగా పిలుచుకున్నారు. జర్మనీకి వెళ్ళే మన ఆడపడుచును కూడా అక్కడి పొరుగువారు అలా పిలవాలంటే, తలుపు తెరిచి వారి భాషలో మొదటి పలకరింపు ఆమే చేయాలి.