రహీం సాహెబు కీర్తి: ఒక పరిశీలన

జంటనగరాలలో ఫుట్‌బాల్ ప్రస్తావన వచ్చినపుడు పెద్దలు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చెప్పక మానరు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ కీర్తి ఎంతవరకు న్యాయమైనదో మేము విచారించదలచినాము.

ఫలితాలను మాత్రమే చూచినచో సందేహానికి తావున్నది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణనిచ్చిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. 1956 మెల్బోర్న్‌లో నాలుగవ స్థానం వచ్చినదని గర్విస్తాము గాని, అక్కడ ఆడి గెలిచినది ఆస్ట్రేలియాపై ఒక్క ఆటయే. తొలి రౌండులో హంగరీ బరిలోనికే రాలేదు!

అయితే ఓటమి పిదప శిక్షకుడు ఏమి చేసినాడన్నది కూడా చూడవలెను. 1962 జకార్తా ఏషియా క్రీడలలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. ఫైనల్‌లో మరల అదే జట్టు ఎదురైనది. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాహెబు ముందు వరుసలో ఆడించినారు. అతడు గోలు చేసినాడు. 2-1తో స్వర్ణం మనదైనది. అప్పటికే క్యాన్సరు పీడితులైన ఆయన 1963 జూన్‌లో మరణించినారు.

ఆటగాళ్ళే మేటివారు, శిక్షకుని గొప్పేమున్నదని కొందరు అడుగుదురు. ఆ మేటివారిలో ఒకరైన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాదు అమ్ముగూడలోని పేద కుటుంబంలో జన్మించినారు. సాధనకు హైదరాబాదు వచ్చుటకు దారిఖర్చు లేదని చెప్పగా, సైకిలు అద్దెకు రహీం సాహెబే డబ్బిచ్చినారని ఆయన చెప్పుకొనేవారు. ఇది విన్న పిమ్మట మాకు సందేహము మిగులలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై, పెరూపై మన పక్షాన గోళ్ళు చేసినది ఆ బలరామే. ఆ రెండు ఆటలూ మనము ఓడినవే.