పవర్ బ్యాంకును ఎన్నుకొనుట ఎట్లు?

గాలివాన కురిసిన రాత్రి దీపములు ఆరిపోవుట మన చాకవేలు ప్రాంతపు పల్లెలవారికి క్రొత్త కాదు. పదవ తరగతి ముగించి చింతామణికో, చిక్కబళ్ళాపురమునకో, బెంగుళూరునకో పోయి చదువుకొను మన పిల్లలకు నేడు ఫోనును, ల్యాప్‌టాపును పలకాబలపముల వంటివి. అందుచే పెద్ద పవర్ బ్యాంకు నొకదానిని కొనవలెనని తల్లిదండ్రులు తలచుట సహజము. కాని పెట్టెమీది వ్రాత ఇంగ్లీషు; పట్టణపు అంగడిలో మాట కన్నడము; మన ఆలోచన తెలుగు. ఈ మూటి నడుమ వేరుసెనగ అమ్మిన డబ్బు వృథా కాకుండుటకై కొన్ని సంగతులు వివరింపదలచితిమి.

మన ఊరి చెరువునే తలచుకొందము. చెరువులో నీరెంత యున్నదనునది ఒక ప్రశ్న. తూము ఎంత వెడల్పనునది మరియొక ప్రశ్న. పవర్ బ్యాంకు విషయమునను ఈ రెంటిని వేర్వేరుగా అడుగవలెను.

మొదటిది నిలువ. పెట్టెమీద 20,000 మిల్లీ ఆంపియర్ గంటలని పెద్ద అంకె యుండును. ఇది లోపలి లిథియం బ్యాటరీల లెక్క. వాని వోల్టేజి సుమారు 3.7. ఆ 20,000ను 3.7తో హెచ్చవేసి 1,000తో భాగించిన 74 వాట్ గంటలు వచ్చును. ఇదియే అసలు నిలువ. వోల్టేజిని మార్చుటలో ఇందులో కొంత వేడియై పోవును. మనకు దక్కునది ఇంచుమించు 50 మొదలు 60 వాట్ గంటలు. కావున 5,000 లెక్కగల ఫోను నాలుగుమార్లు నిండునని ఆశింపరాదు. రెండు మార్లకు మించి, మూడింటికి లోపుగా నిండును. 50 వాట్ గంటల ల్యాప్‌టాపైనచో ఒక్కమారే. పెట్టె వెనుక చిన్న అక్షరములతో ‘రేటెడ్ కెపాసిటీ’ అను తక్కువ సంఖ్య యుండును. దానినే లెక్కకు తీసికొనవలెను.

రెండవది తూము. ఇది వాట్లలో తెలియును. ఫోనునకు 18 లేక 20 వాట్లు చాలును. సామాన్యపు ల్యాప్‌టాపులకు 45 లేక 65 వాట్లు కావలెను. మీ ల్యాప్‌టాపు చార్జరుపై 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని యున్నచో రెంటిని హెచ్చవేయుడు: 65 వాట్లు. చెరువు నిండియున్నను తూము ఇరుకైన మడి తడియదు; అట్లే నిలువ ఎంత యున్నను 22.5 వాట్ల పవర్ బ్యాంకు ఇట్టి ల్యాప్‌టాపునకు చాలదు. ‘యూఎస్‌బి-సి పవర్ డెలివరీ’ అను పద్ధతి రెంటియందును ఉండవలెను. గుండ్రని పిన్నుగల పాత ల్యాప్‌టాపులు పెక్కు దీనితో నేరుగా నిండవు. కేబులు కాలువ వంటిది. 60 వాట్లు మించినచో 5 ఆంపియర్ల కేబులు కావలెను.

మూడవది క్షేమము. మన దేశమున పవర్ బ్యాంకులకు భారతీయ ప్రమాణముల సంస్థవారి నమోదు తప్పనిసరి. ‘ఆర్’ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యను చూచి కొనవలెను. ఉబ్బినదానిని మరల వాడరాదు. దిండు క్రింద నుంచి చార్జి చేయరాదు. ఎండలో నిలిచిన బండిలో విడువరాదు. విమానప్రయాణములో చేతిసంచియందే ఉంచుకొనవలెను. అచ్చట సామాన్యముగా 100 వాట్ గంటల వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. అటుపై 160 వరకు విమానసంస్థ అనుమతి కావలెను. 27,000 లెక్కగలది 99.9 వాట్ గంటలగును గనుక అంతకు మించినది కొనువారు ఈ సంగతి మరువరాదు.

ఫోను మాత్రమే యున్నవారికి 10,000 నిలువ, 20 వాట్లు చాలును. ల్యాప్‌టాపు కూడ నున్నవారు 20,000 నిలువ, 65 వాట్లు గలది చూడవలెను. అంగడికి పోవునపుడు ఇంటి చార్జరును వెంట గొనిపొండు.

విద్యార్థులారా! పెట్టెమీది ఇంగ్లీషును చదివి, మీ తల్లిదండ్రులకు తెలుగులో లెక్కవేసి చెప్పుడు. ఇందుకు మీరు నేర్చిన గుణకార భాగహారములే చాలును.