పాటకు పేరొస్తే సరిపోదు: సొంతంగా పాడాలనుకునే యువత తెలుసుకోవాల్సిన సంగతులు

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ అనగానే రంగసముద్రం చెరువు, దాని ఒడ్డున వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాయక స్వామి గుడి గుర్తొస్తాయి. ఇక్కడి నుంచి గద్వాల, నాగర్‌కర్నూల్ దాకా ఏ ఊరికి పోయినా పాటకు కరువు లేదు. పీర్ల పండుగ వస్తే హిందువులు, ముస్లింలు కలిసి తెలుగులో పీర్ల పాటలు పాడతారు. ఉర్సుల్లో ఖవ్వాలీ, మిలాద్ జల్సాల్లో నాత్, షాదీల్లో బ్యాండు ఉండనే ఉంటాయి. ఇప్పుడు వీటికి ఫోన్ తోడైంది. పిల్లలు పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. ‘దీంతో బతకగలడా?’ అనేది ఇంట్లో అమ్మీ, అబ్బాల ప్రశ్న. దానికి జవాబు ఈ గడ్డ మీదే ఉంది.

కిన్నెర మొగులయ్య ఏం చెబుతున్నారు?

దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు, తేనెమైనం, లోహపు తీగలతో తయారయ్యే పన్నెండు మెట్ల కిన్నెరను వాయిస్తూ ఆయన పండుగ సాయన్న, మియాసాబ్ వంటి పాలమూరు వీరుల కథలు పాడతారు. ఎన్నో ఏళ్ళు ఊరూరా తిరిగి పాడినా లోకానికి పెద్దగా తెలియలేదు. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు వినిపించడంతో రాత్రికి రాత్రే పేరొచ్చింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అయినా 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివారులో కూలి పని చేస్తున్న వీడియోలు బయటికొచ్చాయి.

ఇందులో ఆయన కళకు వచ్చిన లోటేమీ లేదు. పేరు వేరు, నెలనెలా వచ్చే రాబడి వేరు. ఒక్క పాటకు వచ్చిన పేరు కొన్నాళ్ళకు చల్లబడుతుంది. ఒకేసారి చేతికొచ్చిన సొమ్ము ఇంటి ఖర్చులకు కరిగిపోతుంది. అందుకే సొంతంగా పాడేవాళ్ళు సాధన, ప్రచారం, హక్కులు మూడూ చూసుకోవాలి.

రియాజ్‌కు టైం కట్టుకోవాలి

‘మూడ్ వస్తే పాడతా’ అనుకుంటే నెలలు గడిచిపోతాయి. ఉస్తాదులు రియాజ్‌కు వేళ పెట్టింది ఊరికే కాదు. రోజూ ఒకే వేళకు కూర్చుంటే గొంతు ఆ వేళకు అలవాటుపడుతుంది. ఫజ్ర్ తర్వాతో, షాపు మూసి వచ్చాకో ముప్పావు గంట చాలు. అందులో సగం సేపు స్వరసాధన, మిగతా సగం కొత్త పాట పని. వాయిద్యం లేకుండా నాత్ చదివేవాళ్ళకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

రెండో అలవాటు, మొదలుపెట్టిన పాటను పూర్తి చేయడం. చాలామంది ఫోన్లలో సగం సగం పాటలు పదుల్లో పడి ఉంటాయి. నెలకు ఒక్కటే పెట్టుకుని, తారీఖు ముందే రాసుకుని, ఆ రోజుకు ముగించాలి. బాగా రాలేదనిపిస్తే దాన్నే పట్టుకుని కూర్చోకుండా, నేర్చుకున్నది తర్వాతి పాటలో చూపించాలి.

ప్రచారం అంటే షేర్ చేయమని అడగడమేనా?

కాదు. పాట విడుదలకు ముందే ప్రచారం పని మొదలవుతుంది. స్పాటిఫై లాంటి యాప్‌లలోకి పాట నేరుగా ఎక్కదు. డిస్ట్రిబ్యూటర్ సంస్థ ద్వారా పంపాలి. స్పాటిఫై ప్లేలిస్టుల వాళ్ళ పరిశీలనకు పాటను విడుదలకు ముందే పంపాలి. కనీసం ఏడు రోజుల ముందు పంపితే, పాట మన ఫాలోవర్ల ‘రిలీజ్ రాడార్’లో చేరుతుంది. రాత్రి రికార్డు చేసి పొద్దున పెట్టేవాళ్ళు ఈ అవకాశం పోగొట్టుకుంటున్నారు.

మన యాస దాచుకోవాల్సింది కాదు. హైదరాబాద్ కుర్రాడు రుహాన్ అర్షద్ దక్కనీలో పాడిన ‘మియా భాయ్’ పాటను యూట్యూబ్‌లో కోట్లసార్లు చూశారు. వెనుక సినిమా లేదు. మనవాళ్ళు మన మాటను గుర్తుపట్టారు, అంతే. పాలమూరు తెలుగు, దక్కనీ ఉర్దూ రెండూ వచ్చిన ఇంటి పిల్లలకు అది పెట్టుబడే.

పైసలు ఎప్పుడొస్తాయి?

యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ ఉండాలి. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినని పాటకు రాయల్టీ లెక్కించడం లేదు. కాబట్టి మొదటి రెండేళ్ళు చదువో, పనో వదలకూడదు. షాదీలు, సభల్లో పాడి వచ్చే సొమ్ములో కొంత పాట కోసం పక్కన పెట్టుకోవాలి. ఖర్చు, రాబడి ఒక కాపీలో రాసుకోవాలి.

సంతకం పెట్టే ముందు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ‘పాట మాకివ్వు, మా ఛానెల్‌లో పెడతాం’ అంటే చాలామంది సంబరపడి ఇచ్చేస్తారు. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్ళు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. 2012 సవరణ తర్వాత, సినిమాకు గానీ రికార్డుకు గానీ ఇచ్చిన పాటకు కూడా రాసినవారికి, స్వరం కట్టినవారికి రాయల్టీ వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదు. ఈ రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్. పాటలు రాసేవాళ్ళు, స్వరం కట్టేవాళ్ళు అందులో సభ్యులుగా చేరవచ్చు. గాయకుల కోసం ఇస్రా అనే సంఘం 2013లో ఏర్పడింది.

తాతల నాటి పీర్ల పాట ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పాడుకోవచ్చు. అయితే ఎవరో చేసిన రికార్డింగును తీసుకుని వాడుకోకూడదు. దానికి హక్కుదారు వేరే ఉంటారు. ఇద్దరు ముగ్గురు దోస్తులు కలిసి పాట చేస్తే ఎవరి వాటా ఎంతో ఆ రోజే కాగితం మీద రాసుకోవాలి. పాట నడిచాక లెక్కలు మొదలుపెడితే దోస్తీ చెడుతుంది.

ఇంటివాళ్ళు చేయగలిగిందీ ఉంది. వ్యూస్ ఎన్ని వచ్చాయని రోజూ అడిగే బదులు, ఈ నెల పాట పూర్తయిందా అని అడగాలి. రియాజ్ వేళకు పని చెప్పకుండా ఉండాలి. ఎవరైనా అగ్రిమెంటు కాగితం తెస్తే, చదువుకున్న పెద్దవాళ్ళకో, తెలిసిన వకీలు సాబ్‌కో చూపించాకే సంతకం పెట్టమనాలి.