యజమాని మనస్సు – కుక్క స్వభావము

యజమానిని బట్టియే కుక్క గుణమని పలువురు నమ్ముదురు. ఇందు నిజమెంత?

యజమానినే అడిగినచో, తన గుణమునే కుక్కకు ఆరోపింపవచ్చును. కావున స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెండ్రుకలను పరీక్షించిరి. ఒత్తిడి కలిగినపుడు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును అధికముగా స్రవించును. పెరుగుచున్న వెండ్రుకలో చేరి, అది నెలల తరబడి నిలిచియుండును.

2019లో వెలువడిన ఫలితమిది: గొఱ్ఱెలను కాచు జాతులకు చెందిన 58 కుక్కలలోను, వాటి యజమానులలోను కార్టిసాల్ హెచ్చుతగ్గులు పరస్పరము అనుగుణముగా నుండెను. కుక్క స్వభావముకంటె యజమాని స్వభావమే కుక్క కార్టిసాల్‌తో ఎక్కువ సంబంధము కనబరచెను. కాని ఒంటరిగా వేటాడు జాతులలోను, ప్రాచీన జాతులలోను ఇట్టి పొందిక కానరాలేదని 2021లో తేలెను.

కార్టిసాల్ ఒత్తిడికి గుర్తే గాని, స్వభావమునకు కొలత కాదు. సంబంధమున్నంత మాత్రమున కారణము రుజువు కాదు. ఇరువురును ఒకే ఇంటి కలతకు లోనై యుండవచ్చును. అయినను బెదరు కుక్కను దండించుటకు ముందు, ఆ ఇంటి ప్రశాంతతను పరిశీలించుట మేలు.