బూడిద కింద రాళ్లు, బూడిద పైనా రాళ్లే

నంద్యాల జిల్లాలో జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేల తవ్వితే కొన్నిచోట్ల నిలువెత్తుకు మించిన తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. శుభ్రపరిచే పొడుల తయారీకి దాన్ని తవ్వి అమ్మేవారు కూడా.

ఆ బూడిద మన గడ్డది కాదు. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైంది. దాని బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి ఇక్కడ కురిసింది. గుట్టల మీద పడ్డదాన్ని వానలు కడిగి లోయలోకి చేర్చడంతో పొర ఇంత మందమైంది. బూడిదలోని గాజు రేణువుల రసాయన కూర్పును బట్టి అది ఏ అగ్నిపర్వతానిదో గుర్తుపట్టవచ్చు. కాబట్టి పురావస్తు శాస్త్రవేత్తకు ఇంతకంటే నమ్మకమైన తేదీ ముద్ర దొరకదు: పొర కింద ఉన్నది తోబాకు ముందుది, పైన ఉన్నది తర్వాతది.

మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కొరిశెట్టర్ బృందం అక్కడ తవ్వి, 2007లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి. పైనా దొరికాయి. పెచ్చులు కొట్టిన తీరులో పెద్ద మార్పేమీ లేదు. తోబా దెబ్బకు భూమి చల్లబడి మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ వాదించారు. జ్వాలాపురం రాళ్లు ఆ వాదాన్ని ఇరకాటంలో పెట్టాయి. ఆకాశం నుంచి బూడిద కురిసినా ఈ లోయలో మనుషుల మనుగడ ఆగిపోలేదన్నమాట.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ మనుషులెవరన్నదే పేచీ. పనిముట్లు ఆఫ్రికాలోని తొలి ఆధునిక మానవుల పనిముట్లను పోలి ఉన్నాయి కనుక వీళ్లూ మనవాళ్లేనన్నది పెట్రాగ్లియా బృందం మాట. పాల్ మెల్లర్స్, ఆయన సహచరులు 2013లో దీన్ని తోసిపుచ్చారు. వారి లెక్కలో ఆధునిక మానవులు భారత్‌కు వచ్చింది తోబా తర్వాతే. నాకైతే రెండో పక్షం జాగ్రత్తే సబబనిపిస్తుంది. ఐరోపాలో నియాండర్తాల్‌లు కూడా జ్వాలాపురంలోలాగే ముందుగా చెక్కి సిద్ధం చేసిన రాయి నుంచి పెచ్చులు తీసినవాళ్లే. రాయిని చూసి దాన్ని చెక్కిన జాతిని చెప్పడం అంత సులువు కాదు.

తేల్చాల్సింది ఎముక. జ్వాలాపురంలో ఆ కాలపు మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. అయితే సున్నపురాయి గుహల్లో ఎముకలు బాగా నిలుస్తాయి. దగ్గర్లోనే బేతంచెర్ల వద్ద బిల్లసర్గం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వించి ఎన్నో జంతువుల శిలాజాలు వెలికితీశారు. వెతకడానికి అలాంటి గుహలే అనువైన చోట్లు.