పద్నాలుగు సెలవుల పంపకం

విదేశంలో ఉద్యోగం. చుట్టూ చూడాల్సిన దేశాలు. ఊళ్లో గుమ్మంవైపే చూస్తుండే అమ్మానాన్నలు. చేతిలో ఉన్నవి మాత్రం గుప్పెడు సెలవులు! సింగపూర్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఏటా ఎదురయ్యే చిక్కులెక్క ఇది. జీవితాంతం చెప్పుకునే కబుర్లు పుట్టేదీ ఈ లెక్కలోంచే.

జనవరి మొదటివారం. సింగపూర్‌లో పదమూడో అంతస్తులో ఓ తెలుగిల్లు. నెల్లూరు జిల్లా పల్లె నుంచి వెళ్లిన కుటుంబం అనుకోండి. భార్యాభర్తలూ, పదకొండేళ్ల అమ్మాయీ, ఆరేళ్ల అబ్బాయీ. ఫ్రిజ్ తలుపుమీద రెండు క్యాలెండర్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి అక్కడిది. రెండోది ఎవరో ఊరి నుంచి వస్తూ తెచ్చిపెట్టిన తెలుగు క్యాలెండరు. రాత్రి భోజనాలయ్యాక ఆ ఇంటాయన పెన్సిల్ పట్టుకుని వాటి ముందు నిలబడతాడు. పిల్లలు చెరోపక్కా చేరతారు. ఏడాది మొత్తానికి సెలవుల పంపకం మొదలవుతుంది.

సింగపూర్ చట్టం ప్రకారం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కనీసం 7 రోజులు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఏడాదికో రోజు చొప్పున పెరుగుతూ ఎనిమిదో ఏటికి అది 14 రోజులవుతుంది. ఇంతకంటే ఎక్కువ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. వీటికితోడు దేశమంతటికీ 11 పండగ సెలవులు. చైనీయుల కొత్త సంవత్సరానికి రెండు రోజులు, రంజాన్‌కి ఒకటి, బుద్ధపూర్ణిమకి ఒకటి, మన దీపావళికీ ఒకటి. సంక్రాంతి, ఉగాది మాత్రం ఆ జాబితాలో లేవు. ముగ్గుల పండక్కి ఊళ్లో ఉండాలంటే సొంత సెలవు ఖర్చుపెట్టాల్సిందే.

పోనీ వేసవిలో వెళ్దామా అంటే అక్కడో మెలిక. ఇక్కడ మన బడులకు ఏప్రిల్ చివర్లో సెలవులిస్తే జూన్ 12 ప్రాంతంలో మళ్లీ గంట కొడతారు. సింగపూర్ ప్రభుత్వ బడుల్లో మే నెల చివర్లో గానీ సెలవులు మొదలుకావు. అంటే అక్కడి పిల్లలూ, ఇక్కడి పెదనాన్న పిల్లలూ కలిసి మామిడితోటలో ఆడుకోవడానికి దొరికేది మహా అయితే రెండు వారాలు! ఏడాది చివర్లో వాళ్లకు ఆరువారాల సెలవులుంటాయి. అప్పుడు ఇక్కడి పిల్లలు బడికి పోతుంటారు.

శనాదివారాల దేశాలు

అందుకే అక్కడి తెలుగువాళ్లు ఓ సూత్రం పట్టేశారు. సొంత సెలవులు ఊరికి... శుక్రవారమో సోమవారమో పండగ వస్తే ఆ మూడు రోజులూ ఊళ్లు తిరగడానికి. అక్కడ పండగ ఆదివారం వస్తే సోమవారం సెలవిస్తారు కాబట్టి క్యాలెండర్‌లో ఆదివారం పండగ కనిపించినా బాధపడనక్కర్లేదు.

సింగపూర్ చిన్న దేశం. అయితేనేం, కిలోమీటరుకు కాస్త ఎక్కువ పొడవున్న కట్ట దాటితే మలేసియా. 1924 నుంచి రెండు తీరాలనూ కలుపుతున్న కట్ట అది. సెలవురోజుల్లో దాని మీద బారులుతీరే వాహనాలను చూస్తే మన సంక్రాంతి రద్దీ గుర్తొస్తుంది. కిలోమీటరు దాటడానికి గంటలకు గంటలు! ఆ బారులోనే పిల్లలు అంత్యాక్షరి మొదలుపెడతారు. పులిహోర డబ్బా మూత తెరుచుకునేదీ అక్కడే.

ఆ దారిలో నాలుగు గంటలు వెళ్తే మలక్కా. పోర్చుగీసులు 1511లో ఆక్రమించాక కట్టిన కోట తాలూకు ద్వారం, డచ్చివాళ్ల ఎర్రటి కట్టడాలు ఉన్న పాత రేవు పట్టణం. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తల్లిదండ్రులు చరిత్ర చెబుతుంటే పిల్లల కళ్లు మాత్రం రంగురంగుల దీపాలు చుట్టుకుని, పెద్దగా పాటలు పెట్టుకుని తిరిగే అక్కడి రిక్షాల మీదే! ఇంకాస్త ఓపికుంటే కామెరాన్ హైలాండ్స్. సుమారు 1,500 మీటర్ల ఎత్తున టీ తోటలు, స్ట్రాబెర్రీ తోటలు, చలి. ఏడాదంతా ఉక్కపోసే సింగపూర్ పిల్లలు స్వెట్టర్ వేసుకోవడమే ఓ విడ్డూరం.

ఇక రేవులో పడవెక్కితే గంటలో ఇండొనేసియాలోని బింటాన్ దీవి. అక్కడి గడియారం సింగపూర్ కంటే గంట వెనక ఉంటుంది. పదింటికి పడవెక్కి గంట ప్రయాణం చేసి దిగితే అక్కడా పదే! తిన్న ఇడ్లీలు మళ్లీ కడుపులోకి వెనక్కి వచ్చేశాయా అని ఏ ఆరేళ్ల బుడతడైనా అడిగితే ఆశ్చర్యంలేదు. బింటాన్‌లో ఏ హోటల్లో దిగారో పెద్దయ్యాక గుర్తుండకపోవచ్చు. గంట ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మాత్రం గుర్తుంటుంది.

సూట్‌కేసులో కుక్కర్

తెలుగువాళ్లు ఎక్కడికి బయల్దేరినా బట్టలకంటే ముందు సర్దేది తిండి సామాను. చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు, కిలో బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి... అలవాటుకొద్దీ చేసేదే కాదిది, అవసరం కూడా. థాయ్‌లాండ్, వియత్నాం, కంబోడియా వంటల్లో చేపలతో చేసే పులుసు ఉప్పులా పడుతుంది. కూరగాయల వేపుడు అని తెప్పించుకున్నా అందులో అది ఉండొచ్చు. శనివారం నీచు ముట్టని నాయనమ్మ వెంట ఉంటే చెప్పేదేముంది! థాయ్‌లాండ్‌లో పసుపురంగు మీద ఎర్రటి అక్షరాలతో ఉండే 'జే' గుర్తు ఉన్నచోట మాంసం, చేప, గుడ్డు ఉండవు. వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. ఆ గుర్తు తెలిశాక నాయనమ్మకి బెంగ తీరిపోతుంది.

పనసకు దూరపుచుట్టంలా కనిపించే డూరియన్ పండుదీ ఓ కథే. దాని వాసనకు భయపడి సింగపూర్ మెట్రో రైళ్లలోకి రానివ్వరు. చాలా హోటళ్లూ వద్దంటూ బోర్డులు పెడతాయి. ఒకసారి రుచి చూశాక ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడతాయి... ఇష్టపడేవాళ్లూ, ఆమడదూరం పారిపోయేవాళ్లూ.

నాయనమ్మే గైడు

అమ్మానాన్నలను చూడటానికి ఊరెళ్లడం ఒక పద్ధతి. వాళ్లనే రప్పించుకుని కలిసి తిరగడం ఇంకోటి. ఈ రెండోదాంట్లో ఓ విచిత్రం ఉంది. ఇంగ్లిషు రాని, విమానం ఎక్కడమే మొదటిసారి అయిన పెద్దావిడ ఆగ్నేయాసియాలో చాలాచోట్ల అందరికంటే మంచి గైడు అయిపోతుంది!

మొదటి ఆశ్చర్యం ఊరి పేరులోనే. సింగపూర్ అంటే సింహపురం. 'మన నెల్లూరూ సింహపురేగా' అని తాతయ్య మురిసిపోతాడు. మలేసియాలో భాషను 'బహాసా' అంటారు. భర్త 'సువామి', భార్య 'ఇస్త్రీ'. స్వామి, స్త్రీ అన్నమాటలే అవి. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నాయనమ్మ తాతయ్యను 'సువామీ' అని పిలిచి ఆటపట్టించదూ మరి!

బ్యాంకాక్ విమానాశ్రయం పేరు సువర్ణభూమి. 2006లో మొదలైంది. లోపల దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టుకుని పాలసముద్రాన్ని చిలుకుతున్న పెద్ద శిల్పం ఉంటుంది. విమానం దిగిన పిల్లలు 'ఏంటిది' అంటే చెప్పగలిగేది పెద్దవాళ్లే. కౌలాలంపూర్ దగ్గర బటు గుహల ముందు 2006లో నిలబెట్టిన 140 అడుగుల కుమారస్వామి, పక్కనే గుహలోకి 272 మెట్లు. సగం మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చున్న తాతయ్య చేతిలోని అరటిపండును కోతి లాక్కుపోతే... ఆ ఒక్క సంఘటన పదేళ్లపాటు ఇంట్లో నవ్వులు పూయిస్తుంది.

అన్నిటికంటే అంగ్‌కోర్ వాట్. కంబోడియాలో రెండో సూర్యవర్మ 12వ శతాబ్దంలో కట్టించిన విష్ణ్వాలయం. తూర్పువైపు వసారా గోడమీద సుమారు 49 మీటర్ల పొడవున సముద్రమథనం. పడమటి గోడకు ఒకపక్క లంకాయుద్ధం, మరోపక్క కురుక్షేత్రం. ఆ సైన్యాల రద్దీలో అంపశయ్య మీద పడుకున్న భీష్ముణ్ని ఆనవాలు పట్టడానికి నాయనమ్మకి పుస్తకం అక్కర్లేదు. చిన్నప్పుడు వీధిలో చూసిన తోలుబొమ్మలాటా, రాత్రిళ్లు మేల్కొని విన్న హరికథా చాలు. అంతవరకూ ఎండకు విసుక్కుంటున్న మనవలు ఆవిడ చుట్టూ చేరిపోతారు. అప్పటిదాకా వాళ్లకు భారతం నాయనమ్మ చెప్పే నిద్రకథ. ఎక్కడో పరాయి దేశంలో రాతిగోడ మీద అదే కథ కనిపించాక ఆ కథకీ, నాయనమ్మకీ కూడా వాళ్ల దృష్టిలో విలువ పెరిగిపోతుంది.

ఓడ ఎక్కితే అంతే...

ఈ లెక్కలూ, ఈ విహారాలూ ఇప్పటి మాట. ఇదే మలేసియాకు 19వ శతాబ్దం చివర్లోనూ, 20వ శతాబ్దం మొదట్లోనూ ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎంతోమంది వెళ్లారు. రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో కూలీలుగా. వాళ్లలో ఎంతోమందికి ఓడ ప్రయాణం ఒక్కసారే. తిరిగి రావాలంటే ఏళ్లతరబడి కూడబెట్టాలి. రాలేక అక్కడే ఉండిపోయినవాళ్లు ఎందరో. పేరాక్ రాష్ట్రంలోని బగాన్ డాతో ప్రాంతంలో వాళ్ల సంతతి ఇప్పటికీ ఉంది. 1955లో వాళ్లు సంఘం పెట్టుకున్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. ఊరు చూడకుండానే తరాలు గడిచినా భాషను వదల్లేదు. కామెరాన్ కొండలకు వెళ్లే పాతదారి ఆ పేరాక్ రాష్ట్రం మీదుగానే పోతుంది. కారులో కూర్చుని ఊరికి ఎప్పుడు వెళ్దామని వాదులాడుకునే పిల్లలకు ఈ కథ కూడా చెప్పాల్సిందే.

ఆల్బమ్‌లో ఖాళీ

సెలవుల పంపకంలో ఎప్పుడో ఓసారి ఊరి వాటా తగ్గుతుంది. 'ఈసారి బాలి చూసొద్దాం, వచ్చే ఏడు తప్పకుండా వస్తాం' అని ఫోనులో చెబుతారు. అవతలివైపు నుంచి 'అట్నే కానీ నాయనా, పిల్లల సరదా ముఖ్యం' అనే మాటే వినిపిస్తుంది. ఆ మాట వెనక ఏముందో ఫోనులో కనిపించదు. వచ్చే ఏడు వెళ్లేసరికి అరుగుమీద పడక్కుర్చీ ఖాళీగా ఉంటే... ఆ తర్వాత బాలి ఫొటోలు ఎంత అందంగా ఉన్నా చూడబుద్ధికాదు.

వచ్చే ఏడు అన్నమాటను నమ్ముకోకూడదని 2020 అందరికీ నేర్పింది. ఆ ఏడాది మార్చి 18న మలేసియా సరిహద్దు మూతపడింది. మార్చి 23 నుంచి భారత్‌కు మామూలు అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మళ్లీ పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. కట్టమీద రాకపోకలు పూర్తిగా తెరిచింది అదే ఏడాది ఏప్రిల్ 1న. మధ్యలో ప్రత్యేక విమానాలున్నా అనుమతులు, పరీక్షలు, క్వారంటైన్లు. చెన్నైకి నాలుగు గంటలు, అక్కడి నుంచి నెల్లూరు మూడు నాలుగు గంటలు... ఒక్కపూట ప్రయాణం రెండేళ్ల దూరమైపోయింది. కన్నవాళ్ల కడసారి చూపును ఫోను తెరమీదే చూసుకున్న కుటుంబాలు ఎన్నో. ఆ తర్వాతి జనవరుల్లో క్యాలెండర్ ముందు నిలబడ్డ చాలామంది ఊరికే మొదటి వాటా వేసి ఉంటారు.

చెప్పుకుంటేనే గుర్తు

ఇంత ఖర్చుపెట్టి తిప్పితే పిల్లలకు ఏం గుర్తుంటుంది? పెద్దయ్యాక చాలామందికి మూడు, మూడున్నరేళ్లకు ముందు జరిగినవి గుర్తుండవన్నది మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చిన సంగతి. అయితే ఇది అందరికీ ఒకేలా ఉండదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2000లో వెలువరించిన అధ్యయనంలో మావోరీ తెగవాళ్లు మూడేళ్లు నిండకముందటి సంగతులను కూడా చెప్పగలిగారు. వాళ్ల ఇళ్లలో గతాన్ని కథలుగా చెప్పుకునే సంప్రదాయం బలంగా ఉండటమే అందుకు కారణం కావచ్చన్నారు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్‌లు కుటుంబ చరిత్ర మీద 20 ప్రశ్నలు తయారుచేసి పిల్లలను అడిగారు. అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారు, తాతయ్య ఎక్కడ పెరిగారు... ఇలాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో తమమీద తమకు నమ్మకం కూడా ఎక్కువగా కనిపించింది.

పుట్టిందొకచోట, పెరిగింది మరోచోట అయిన పిల్లలకు ఈ నమ్మకం మరీ అవసరం. 'మీదే ఊరు' అని అడిగితే తడుముకునేది వాళ్లే కాబట్టి.

అందుకు పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. ప్రయాణం నుంచి వచ్చిన రాత్రి అన్నాలు తింటూ ఒక్కొక్కరూ ఒక్కో సంగతి చెప్పాలి. ఫొటోల్లో ఓ ఇరవై కాగితం మీద అచ్చువేయించి, వెనక పిల్లల చేతే రెండు ముక్కలు తెలుగులో రాయించి ఊరికి పంపాలి. చూసిన ప్రతిచోటా ఇది మన ఊళ్లో దేన్ని పోలి ఉందో వెతకమనాలి. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ ఫొటోలు ముందేసుకుని పిల్లలే తాతయ్యకు గైడు కావాలి.

సాయంత్రం పూట ఆ పల్లెలో అరుగుమీద నలుగురు ఆడవాళ్లు చేరతారు. నాయనమ్మ మొదలుపెడుతుంది... 'మన భీష్ముడమ్మా, సముద్రాలు దాటిపోయి ఆడ పడుకోనుండాడు. మా మనవడికి నేనే చూపించా'. పక్కనే కూర్చున్న మనవడు 'నువ్వు చూపించకముందే నాకు బాణాలు కనిపించాయి' అని అడ్డుపడతాడు. ఎవరు ముందు చూశారన్న తగాదా ఆ రాత్రి అన్నాలవేళ దాకా తెగదు.