తొలి తపాలా బిళ్ళల ముద్రణ ఫలకాల గుర్తింపు: నెల్లూరు తీరపు ఉత్తరాలు, నిజాం బిళ్ళలు ఆధారంగా ఒక వివరణ

నెల్లూరు తీరం పందొమ్మిదో శతాబ్దిలో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1854 అక్టోబరు 1 నుంచి కంపెనీ పాలిత ప్రాంతాలన్నింటిలోనూ ఒకే తపాలా పద్ధతి అమలులోకి వచ్చింది. దూరంతో నిమిత్తం లేకుండా పావు తులం బరువు గల ఉత్తరానికి అర్ధణా రుసుముగా నిర్ణయమైంది. ఈ ప్రాంతపు వర్తకుల లేఖలను, కుటుంబ పత్రాలను, భూమి తగాదాల కాగితాలను పరిశీలించే పరిశోధకునికి తేదీ లేని కవరు ఎదురైనప్పుడు దానిపై అతికించిన బిళ్ళే ముఖ్యమైన ఆధారం కావచ్చు. అయితే ఆ బిళ్ళ ఏ ఫలకం నుంచి ముద్రితమైందో సరిగా గుర్తిస్తేనే ఆ ఆధారానికి విలువ. గుర్తింపు తప్పితే కాలనిర్ణయం తప్పుతుంది. దానిపై నిలిపిన చరిత్ర కూడా తప్పుతుంది.

ఫలకం, మూల అచ్చు: తేడా

ఈ అధ్యయనంలో ముందుగా వేరుచేసి చూడవలసినవి మూల అచ్చు (డై), ముద్రణ ఫలకం. మూల అచ్చుపై చిత్రం ఒక్కసారే చెక్కబడుతుంది. ఆ చిత్రాన్ని అనేక పర్యాయాలు బదిలీ చేయగా షీటు మొత్తానికి సరిపడే ఫలకం ఏర్పడుతుంది. కనుక బిళ్ళపై కనిపించే ప్రతి విశేషానికీ ‘ఇది ఏ దశలో పుట్టింది?’ అన్న ప్రశ్న వేసుకోవాలి. 1840లో వెలువడిన బ్రిటన్ పెన్నీ బ్లాక్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దాని షీటులో 240 బిళ్ళలు. కింది రెండు మూలల్లో షీటులోని స్థానాన్ని తెలిపే అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలను ఫలకంపై చేతితో కొట్టినందున, ఒకే స్థానపు బిళ్ళల్లో సైతం ఫలకానికొక తీరుగా అవి అటూ ఇటూ జరిగి ఉంటాయి. ఫలకాన్ని గుర్తించడానికి ఈ జరుగుబాటే ప్రధానమైన ఆధారం.

1854 శిలాముద్రిత బిళ్ళలు

భారతదేశపు 1854 నాటి బిళ్ళలపై ఇటువంటి అక్షరాలు లేవు. కలకత్తాలోని సర్వేయర్ జనరల్ కార్యాలయంలో కెప్టెన్ థూలియర్ పర్యవేక్షణలో అర్ధణా, అణా, నాలుగణాల బిళ్ళలు శిలాముద్రణలో తయారయ్యాయి. మొదట ఎర్రరంగులో తలపెట్టిన అర్ధణా బిళ్ళ, తగిన సిందూరపు సిరా చాలకపోవడంతో నీలిరంగులో వెలువడింది. అర్ధణా షీటులో 96 బిళ్ళలు, అంటే మూడు రూపాయల విలువ.

శిలాముద్రణలో మూల అచ్చు నుంచి ప్రత్యేక కాగితంపై ముద్రలు తీసి, వాటిని రాతిపైకి బదిలీ చేస్తారు. అందువల్ల బిళ్ళపై లోపాలు మూడు అంతస్తులుగా కనిపిస్తాయి. మూల అచ్చు లక్షణం ఆ అచ్చుకు చెందిన బిళ్ళలన్నింటిలోనూ ఉంటుంది. బదిలీ కాగితంపై పుట్టిన లోపం, ఆ కాగితం నుంచి వచ్చిన బిళ్ళల్లో మాత్రమే పునరావృతమవుతుంది. రాతిపై పుట్టిన గీత లేదా చుక్క ఒకే స్థానానికి పరిమితం. మొదటి రకం కాలాన్ని స్థూలంగా సూచిస్తుంది. చివరి రకం షీటులోని స్థానాన్ని నిర్ణయిస్తుంది.

నాలుగణాల బిళ్ళలో ఈ విశ్లేషణ రెట్టింపవుతుంది. ఎర్రని చట్రం, నీలి శిరస్సు వేర్వేరుగా రెండు విడతల్లో ముద్రితమయ్యాయి. కొన్ని బిళ్ళల్లో శిరస్సు తలకిందులుగా పడడానికి కారణం ఇదే. చట్రానికి, శిరస్సుకు మూల అచ్చులు వేరు కనుక రెండింటినీ విడివిడిగా గుర్తించి, ఆ తరువాత జతపరచాలి. తొలి షీట్లలో 12 బిళ్ళలు, తరువాతి షీట్లలో 24 బిళ్ళలు ఉన్నందున బిళ్ళల నడుమ విడిచిన ఖాళీ కూడా సాక్ష్యమే. మార్టిన్, స్మిథీస్ 1930లో ప్రకటించిన గ్రంథం ఈ ఒక్క బిళ్ళపైనే జరిగిన సమగ్ర అధ్యయనం.

నిజాం రాజ్యపు బిళ్ళలు

హైదరాబాదు రాజ్యపు తొలి బిళ్ళ, 1869 నాటి అణా బిళ్ళ. దీని ఫలకాలను లండన్‌లోని నిస్సెన్ అండ్ పార్కర్ సంస్థ తయారుచేసింది. 1870 నాటి అర్ధణా, రెండణాల బిళ్ళల ఫలకాలను స్థానికంగా చెక్కారు. ఒక్కొక్క ఫలకంపై 240 చిత్రాలు. వాటిలో ప్రతిదీ చేతితో విడిగా చెక్కబడినందున 240 భేదాలు ఏర్పడ్డాయి. ఇక్కడ బదిలీ దశ లేదు. అక్షరాల వంపు, గీతల మధ్య దూరం వంటి ప్రతి వివరమూ స్థాననిర్ణయానికి పనికివస్తుంది. కలకత్తా బిళ్ళల్లో లోపాన్ని వెతకాలి. ఇక్కడ చిత్రమంతా ఆధారమే.

1871 నుంచి వాడిన తరువాతి నమూనాకు ఫలకాలు బ్రాడ్‌బరీ విల్కిన్సన్ సంస్థవి. ఈ బిళ్ళలపై ఇతర భాషలతో పాటు తెలుగు లిపికీ చోటు దక్కింది. మూల అచ్చు ఒక్కటే కాబట్టి చిత్రాలు దాదాపు ఏకరూపంగా ఉంటాయి. అంచు రంధ్రాల కొలత 11½ అయినా 12½ అయినా అది రంధ్రాలు వేసిన యంత్రాన్ని గురించే చెబుతుంది, ఫలకాన్ని గురించి కాదు.

పరిశోధకులు పాటించవలసిన జాగ్రత్తలు

ఒక్క బిళ్ళపై మాత్రమే కనిపించిన మచ్చను ఫలకపు లోపంగా నిర్ధారించరాదు. అది సిరా చిందడం వల్ల, దుమ్ము వల్ల లేదా కాగితపు ముడత వల్ల కూడా ఏర్పడవచ్చు. అదే లోపం మరొక బిళ్ళపై అదే చోట కనిపించినప్పుడే అది ఫలకానికి చెందినదవుతుంది. విడి బిళ్ళల కంటే జంటలు, వరుసలు, షీటు అంచు తునకలు బలమైన సాక్ష్యాలు. ఇరుగుపొరుగు స్థానాలు వాటిలో స్థిరంగా నిలిచి ఉంటాయి.

రంగు బలహీనమైన ఆధారం. సముద్రపు తేమగాలిలో దశాబ్దాలు నిలిచిన కాగితం వన్నె మారుతుంది, తుప్పువంటి మచ్చలు పడతాయి. పాత బిళ్ళలకు పునర్ముద్రణలు, నకిలీలు కూడా ఉన్నందున కాగితాన్ని, సిరాను, తపాలా ముద్రను కలిపి పరీక్షించాలి.

ఫలకం గుర్తింపు బిళ్ళ పుట్టిన కాలానికి తొలి హద్దును మాత్రమే ఇస్తుంది. కవరు అంతకు ముందుది కాజాలదు. ఎంత తరువాతిదో తపాలా ముద్ర, చిరునామా, దస్తూరీ చెప్పాలి. అందుచేత కవరు నుంచి బిళ్ళను నానబెట్టి ఊడదీయడమంటే ఈ సాక్ష్యాల నడుమ ఉన్న ముడిని తెంపడమే. నెల్లూరు ప్రాంతపు ఇళ్ళలో ఇంకా మిగిలిన ఉత్తరాలను సేకరించేవారు బిళ్ళను కవరుతో పాటే భద్రపరచి, రెండు వైపులా ఛాయాచిత్రాలు తీసి, కొలతలు నమోదు చేయడం ప్రాంతీయ చరిత్ర రచనకు ప్రాథమిక అవసరం.